మూడు వేళ్ల జాడ

మొన్న మా ఊరి పంచాయతీ తరఫున ఇద్దరు యువకులు మా ఇంటికి వచ్చారు. మక్క చేన్ల మీద అడవి పందులు పడుతున్నాయని, వాటిని కొట్టడానికి హైదరాబాదు నుంచి లైసెన్సు ఉన్న షూటర్‌ను పిలిపిస్తున్నారని నాకు ముందే తెలుసు. వాళ్లు వచ్చిన పని వేరు. ఒకతను ఫోన్ తెరిచి వరసగా తుపాకుల బొమ్మలు చూపించి, "షికారి తాతా, పందికి ఏది మంచిగుంటది? పెద్ద తూటానా, చిన్న తూటానా? నువ్వు మస్కట్ల తోడేళ్లను కొట్టినోనివి గద, నీకే ఎర్కుంటది" అన్నాడు. నా అసలు పేరు మల్లేశం అని రేషన్ షాపువాడికి, పోస్టుమ్యాన్‌కు తప్ప ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు. ముప్పై ఏళ్లు షికారి మల్లేశాన్ని, ఇప్పుడు షికారి తాతను. ఆ బిరుదు నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే తెచ్చుకున్నాను. "నాకు తెల్వదు బిడ్డా, ఆ వచ్చేటాయన్నే అడుగుండ్రి" అన్నాను. పెద్దమనిషి బడాయి చెప్పుకోడని ఒకరితో ఒకరు అనుకుంటూ వెళ్లిపోయారు. లోపలి నుంచి అంతా విన్న నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అడిగినోనికి, అడగనోనికి చెప్పుకుంటనే ఉన్నవ్ ఇన్నేండ్ల సంది. ఇయ్యాల నోటికి తాళం వడ్డదా?" అంది. ఆమెకు తెలిసింది కూడా ఆ కథే. జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎదుట కూర్చోబెట్టుకుని చెప్పడానికి ముఖం చెల్లదు కాబట్టి రాస్తున్నాను.

మా వైపు ఒమన్ అని ఎవరూ అనరు. ఎక్కడ పనిచేసినా మస్కట్ పోయినట్టే. నేను పోయింది ఇబ్రాకు. ఎనభైల చివర, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో బ్లాకులు మోసే పనికి. మే నెల ఎండలో సిమెంటు బ్లాకు పట్టుకుంటే అరచేతి తోలు దానికే అంటుకునేది. ఆరు నెలలు అయ్యేసరికి నేను ఏ సాకు దొరికినా సైట్ వదిలి పారిపోవడానికి సిద్ధంగా ఉన్నాను. మేము కడుతున్న విల్లా యజమాని మస్కట్ పట్నం పక్కన సీబ్‌లో ఉండేవాడు. గురువారం, శుక్రవారం ఇబ్రా వచ్చేవాడు. ఆయన తండ్రి హమూద్ మాత్రం ఊరి చివర, కొండల కింద ఖర్జూరం తోటలోనే ఉండేవాడు. మేమంతా ఆయన్ని బాబా అనేవాళ్లం. అరబ్బీలో హిందీ కలిపి మాట్లాడేవాడు. నేనిక్కడ తెలుగులోనే రాస్తాను. ఒకరోజు బాబా చేతికర్రతో సైట్‌కు వచ్చి, మేకల సంగతి, వేట సంగతి తెలిసినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఇరవై మందిలో నా చెయ్యి ఒక్కటే లేచింది. మేకల సంగతి తెలుసు, అంతవరకు నిజమే. అక్కడితో ఆగితే బాగుండేది. "మా నాయిన పెద్ద షికారి. తోడేళ్లను, ఎలుగుబంట్లను కొట్టేవాడు. నేను ఆయన పక్కనే పెరిగాను" అన్నాను.

మా నాయిన షికారి కాదు. దొర షికారుకు పోయినప్పుడు ఊళ్లో వెట్టి మనుషులను తోలుకుపోయేవాళ్లు. వాళ్లు అడవికి ఆ చివర వరసగా నిలబడి, డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ మృగాన్ని దొర కూర్చున్న వైపు తరమాలి. మా నాయిన ఆ వరసలో మనిషి. కూలి లేదు, తిండి లేదు. ఒకసారి పొదలో ఏదో కదిలిందని దొర కాల్చాడు. అక్కడ కదిలింది మా నాయిన. ఎడమ పిక్కలో నాలుగైదు రవ్వలు దిగాయి. రెండు తీశారు, మిగతావి ఉండిపోయాయి. చలికాలం పొద్దున ఆయన మంట ముందు కూర్చుని, పిక్క మీద వేలితో నొక్కి ఎక్కడున్నాయో చూసుకునేవాడు. తుపాకి గురించి మా ఇంట్లో ఉన్న జ్ఞానం అంతే. దాన్ని తిరగేసి, దొర కూర్చున్న చోట మా నాయినను కూర్చోబెట్టి పరాయి దేశంలో అమ్మేశాను. చెబుతున్నప్పుడు నాకు సిగ్గు కూడా అనిపించలేదు. ఆ పూటే నా పెట్టె తోటకు మారింది.

తోటలో బతుకు సైట్ బతుకు కాదు. తెల్లవారుజామున నమాజు అయ్యాక బాబా ఖర్జూరం మట్టలతో మంట వేసేవాడు. ఇత్తడి కూజాలో కహ్వా అనే అరబ్బీ కాఫీ మరుగుతుంటే యాలకుల వాసన మేకల దొడ్డి దాకా వచ్చేది. ముందు ఖర్జూరం, తర్వాత పిడి లేని చిన్న కప్పులో కహ్వా. చాలు అనిపిస్తే నోటితో చెప్పకూడదు, కప్పును రెండుసార్లు అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. నేను షికారి కొడుకునని బాబా మొదటి కప్పు నాకే ఇచ్చేవాడు. మా ఊళ్లో దొర గడప ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినవాళ్లం మేము. అంత వయసాయన తన చేత్తో కప్పు నింపి ఇస్తుంటే నేను లోపల్లోపల ఉబ్బిపోయేవాణ్ని. కొండల నుంచి ఫలజ్ కాలువలో నీళ్లు వచ్చి గడ్డి మడుల్లోకి తిరిగేవి. ఏ తోటకు ఎంతసేపు నీళ్లో ఒక లెక్క ఉండేది. మా వంతు వచ్చినప్పుడు మడవ తిప్పడం, గడ్డి కోసి మేకలకు వెయ్యడం, ఈనిన మేకలను వేరే కట్టడం నా డ్యూటీ. దొడ్డి వాసన ఒంటికి పట్టినా బ్లాకుల దుమ్ము కంటే నయమనిపించేది.

నాకంటే ముందు నుంచీ ఆ తోటలో ఉన్న మనిషి యూసుఫ్ భాయ్. కడప దగ్గరి పల్లె. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. పికప్ నడపడం, బావి మీద ఇంజన్ చూసుకోవడం ఆయన పని. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో కడప తెలుగు, బాబాతో తడుముకోని అరబ్బీ. మా ఇద్దరికీ ఒకటే రూమ్. ఆయన వండితే చారులో కారం మండిపోయేది, నేను వండితే ఆయన "ఇది చారు గాదప్పా, వజూ చేసుకునే నీళ్లు" అని, నమాజుకు ముందు కాళ్లు చేతులు కడుక్కునే నీళ్లతో పోల్చి వెక్కిరించేవాడు. అయినా గిన్నె ఖాళీ చేసేవాడు. నా బడాయి ఆయన ఎప్పుడో కనిపెట్టాడు. ఒకరోజు నేను బాబాకు మా నాయిన ఎలుగుబంటిని కొట్టిన కథ చెబుతుంటే, మంట ఎగదోస్తూ విన్నాడు. రూమ్‌కు వచ్చాక, "పోయినసారి ఒక ఎలుగుబంటి, ఈసారి రెండయినాయి. వచ్చే నెలకు మంద తోల్తావేమో" అన్నాడు. అంతే, బాబా దగ్గర మాత్రం ఒక్క మాట అనలేదు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చాక, తిని కాసేపు పడుకుని, బాబా అతిథులు కూర్చునే మజ్లిస్‌లో చాప పరిచి మూడు తుపాకులు దించేవాడు. వాటికి నూనె పట్టడం ఆ ఇంట్లో ఒక తంతు. మూల సాంబ్రాణి పొగ, చాప మీద తుపాకి నూనె వాసన, రెండూ కలిసి ఆ గదికి ఒక వాసన ఉండేది. మొదటిది చాలా పాతది, పొడుగ్గా ఉండి గొట్టం చుట్టూ వెండి పట్టీలు చుట్టి ఉండేవి. ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చాలి. ఈద్‌కు, పెళ్లిళ్లకు మగవాళ్లు వరసగా నిలబడి పాడుతూ కదిలేటప్పుడు భుజాన వేసుకుంటారు. తూటాలు దొరకవు కాబట్టి దాంతో కాల్చడం మానేసి ఎన్నో ఏళ్లయింది. దాని వెనక కట్టె పగిలిపోవడంతో ఆయన దాన్ని ఇల్లు దాటించడమే మానేశాడు. రెండోది త్రీనాట్‌త్రీ, బాబాకు ఆయన తండ్రి ఇచ్చింది. ఈద్ వరసలోకి ఇప్పుడు దాన్నే పట్టుకుపోయేవాడు. మూడోది కొడుకు కొనిచ్చిన పాయింట్ టూటూ, నల్లగా, తేలిగ్గా, చూడ్డానికి ఆట వస్తువులా ఉండేది.

ఏ జంతువుకు ఏది అన్న విషయంలో బాబాకు మొహమాటం లేదు. చాప మీద రెండు తూటాలు పక్కపక్కన పెట్టేవాడు. చిన్నది ఖర్జూరం గింజ కంటే కొంచెం పెద్దది, రెండోది ఆయన మధ్యవేలంత. చిన్నదాన్ని చూపించి, "నక్కకు ఇది. ఇది నక్కలోనే ఆగిపోతుంది" అనేవాడు. పెద్దదాన్ని చూపించి, "ఇది తోడేలుకు. దీంతో నక్కను కొడితే, మధ్యలో నక్క ఉన్నట్టు కూడా దీనికి తెలియదు. అవతల ఏముందో అక్కడిదాకా పోతుంది" అనేవాడు. జంతువు వెనకాల ఇసుక గట్టు ఉంటేనే కాల్చాలి, రాయి ఉంటే తుపాకి దించాలి. చలికాలం మేకలు ఈనే కాలం. కొండ మీద ఆకలి పెరిగి నక్కలు కిందికి దిగేవి, ఎప్పుడో ఒకసారి తోడేలు కూడా. ఏది దిగిందో తెలియాలంటే జాడ చదవాలి. అది కూడా ఆయనే నేర్పాడు. నా చెయ్యి పట్టుకుని ఇసుకలో పెట్టి, "మూడు వేళ్లు పెడితే మూసుకుపోయే జాడ నక్కది. అరచెయ్యి నిండితే తోడేలుది" అని చూపించాడు. నేను షికారి కొడుకును కదా, ఇదంతా ఎప్పుడో తెలిసినట్టు తల ఊపుతూ నేర్చుకున్నాను.

రెండో చలికాలానికి బాబా కళ్లకు పొర కమ్మింది. మస్కట్ పోయి ఆపరేషన్ చేయించుకొమ్మని కొడుకు ప్రతి గురువారం పోరేవాడు, వచ్చే నెల, వచ్చే నెల అని ఈయన దాటవేసేవాడు. పికప్ నడపడం మానేశాడు. మనుషులను అడుగుల చప్పుడును బట్టి పోల్చుకునేవాడు. అయినా తుపాకులకు నూనె పట్టడం ఆపలేదు. తడుముతూ ముక్క ముక్క విప్పి మళ్లీ బిగించేవాడు, ఒక్క ముక్క తప్పేది కాదు. గురి చూసి కాల్చడం మాత్రం ఆయన వల్ల కాలేదు. అలా పాయింట్ టూటూ నా చేతికి వచ్చింది. పరాయి దేశపు పనివాడు తుపాకి ముట్టుకోకూడదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ చలికాలం దాంతో నాలుగు నక్కలను కొట్టాను. నిజం చెప్పొద్దూ, నా గురి బాగానే ఉండేది. అది చాలక నా కన్ను త్రీనాట్‌త్రీ మీద పడింది. ఎందుకంటే మా ఊళ్లో ఆ రోజుల్లో ఆ తుపాకి పోలీసుల చేతుల్లో ఉండేది. ఒకరోజు నక్సలైట్ల కోసం వచ్చి మగవాళ్లందరినీ బడి ముందు ఎండలో కూర్చోబెట్టారు. మా నాయిన పిక్క నొప్పికి కాలు చాపుకుంటే, ఒక కానిస్టేబుల్ దాని మడమతో ఆయన భుజం మీద పొడిచి మడుచుకోమన్నాడు. నా కళ్ల ముందే జరిగింది, నేను నేల చూపులు చూశాను. అటువంటి తుపాకి ఒక్కసారి నా భుజానికి ఆనించుకుని కాల్చాలని ఎంత కోరికో చెప్పలేను. బాబాను నోరు తెరిచి అడిగితే కాదనేవాడు. కాల్చడానికైతే అది తోడేలుకు మాత్రమే బయటికి వచ్చే తుపాకి.

ఆ చలికాలమే ఒక వారంలో మూడు మేక పిల్లలు పోయాయి. మూడోది పోయిన పొద్దున చలికి స్వెట్టర్ మీద దుప్పటి కప్పుకుని దొడ్డి దగ్గరికి పోతే, కాలువ గట్టు పక్కన తడి ఇసుకలో జాడ అచ్చు గుద్దినట్టు ఉంది. బాబా, యూసుఫ్ భాయ్ నా వెనకే వచ్చారు. బాబా నడుము వంచి చూశాడు. కంటికి ఏమీ ఆనక, "మల్లేష్, ఏది?" అని అడిగాడు. నేను చూశాను. పక్కన మూడు వేళ్లు పెట్టాల్సిన పని కూడా లేదు, అంత చిన్న జాడ. వెనక నుంచి యూసుఫ్ భాయ్ తెలుగులో, "నక్కరా అది. మూడు వేళ్లకు గూడా తక్కువే ఉండాది" అన్నాడు. నేను ఆయన వైపు తిరిగి, "నువ్వు జర గమ్మునుండు భాయ్" అన్నాను. ఇటు తిరిగి బాబాతో, "దీబ్" అన్నాను. తోడేలు అని.

బాబా నా గొంతు వైపు తిరిగాడు. "సరిగ్గా చూశావా? అరచెయ్యి నిండిందా?" అని అడిగాడు. "నిండింది బాబా" అన్నాను. ఇక ఆయన రెండో మాట లేకుండా లోపలికి పోయాడు. ఆ మధ్యలో నా మాట మార్చుకోవడానికి కావలసినంత సమయం ఉంది. యూసుఫ్ భాయ్ నన్ను చూసి చిన్నగా తల అడ్డంగా ఊపాడు. ఆయన అరబ్బీలో ఒక్క మాట అంటే నా పని అయిపోయేది. అనలేదు. బాబా ముందు నా పరువు పోకూడదని అనలేదు. "కానీలే, నీ సరదా తీర్చుకో" అని మాత్రం అన్నాడు. బాబా త్రీనాట్‌త్రీ తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టాడు. దాని బరువు చేతుల్లోకి వచ్చాక నాకు ఇంకేమీ గుర్తు రాలేదు.

తోట వెనక వాగు ఎండిపోయి, రెండు రాతి గట్ల మధ్య సన్నగా కొండలోకి పోతుంది. నక్కలు పగలు అందులోనే దాక్కునేవి. ఒక మనిషి పైనుంచి డబ్బా వాయించుకుంటూ దిగాలి, ఒక మనిషి కింద వాగు మొదట్లో కూర్చోవాలి. యూసుఫ్ భాయ్ నెయ్యి డబ్బా, ఒక కర్ర తీసుకుని చుట్టూ తిరిగి పైకి పోయాడు. నేను కింద బండ చాటున కూర్చున్నాను. నా పక్కన బాబా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "ఇసుకలోకి వచ్చేదాకా ఆగు. రాళ్లలో ఉండగా కాల్చకు. డబ్బా చప్పుడు ఎటు నుంచి వస్తుందో వింటూ ఉండు" అన్నాడు. పైనుంచి డబ్బా మోగడం మొదలైంది. దగ్గరవుతూ వచ్చింది. మా నాయిన డప్పు పట్టుకుని నిలబడిన చోట ఒక మనిషిని నిలబెట్టి, దొర కూర్చున్న చోట నేను కూర్చున్నానని అప్పుడు నాకు తట్టనే లేదు. తట్టి ఉంటే కూడా సంతోషించేవాణ్నేమో. ఇది రాయడానికి చాలా కష్టంగా ఉంది.

నక్క రాళ్ల మధ్యకు వచ్చి ఆగింది. వెనక్కి తిరిగి డబ్బా చప్పుడు వింటోంది. ఇంకో పది అడుగులు వస్తే ఇసుక. నేను ఆగలేదు. తుపాకి నా భుజాన్ని గుద్దింది, చెవులు గింగురుమన్నాయి, నక్క వెనక బండ మీద దుమ్ము లేచింది. నక్క అక్కడే కూలింది. తగిలిందని అరవబోయాను. బాబా నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "డబ్బా ఆగిపోయింది" అన్నాడు.

పైకి పరుగెత్తాను. వాగు మలుపులో యూసుఫ్ భాయ్ కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో కుడి మోకాలు పట్టుకున్నాడు, వేళ్ల సందుల నుంచి రక్తం కారుతోంది. తూటా నక్కలోంచి పోయి, బండకు తగిలి పక్కకు తిరిగింది. "ఏం గాల్యా, ఏం గాల్యా" అని ఆయనే నాకు ధైర్యం చెబుతున్నాడు. నా తలపాగా విప్పి కట్టు కట్టాను. నా వెనకాల బాబా కర్ర తాటించుకుంటూ రాళ్ల మీద నుంచి వచ్చాడు. దారిలో ఆయన కర్ర నక్కకు తగిలింది. ఆగి, కూర్చుని, దాని ముందుకాలు ఒకటి చేతిలోకి తీసుకుని, పాదాన్ని వేళ్ల మధ్య పెట్టి నొక్కి చూశాడు. తర్వాత లేచి మా దగ్గరికి వచ్చి, యూసుఫ్ భాయ్ చంకల కింద చేతులు వేసి ఎత్తాడు.

బండి నడపగలిగిన మనిషి బండి వెనక గడ్డి మూటల మీద మూలుగుతూ పడుకుని ఉన్నాడు. నాకు స్టీరింగ్ పట్టుకోవడం రాదు. బాబా డ్రైవర్ సీట్లో కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నాకు దారి తెల్లటి పొగలా ఉంది. ఇప్పుడైనా కనిపించింది కనిపించినట్టు చెప్పు" అన్నాడు. అంతే అన్నాడు, గొంతు కూడా పెంచలేదు. ఇబ్రా ఆస్పత్రి దాకా కుడి, ఎడమ, ముందు లారీ, ఒంటె, ఆగు, పో అని చెబుతూ వచ్చాను. నేను ఏది చెబితే ఆయన చేతులు అది చేశాయి. నేను ఎడమ అంటే ఒక్కసారి కూడా సందేహించకుండా ఎడమకు తిప్పాడు.

ఆస్పత్రి వరండాలోకి పోలీసులు వచ్చారు. నాకు జైలు, ఆ తర్వాత విమానం, ఊళ్లో నాయిన ముఖం, అన్నీ వరసగా కనిపించాయి. ఎవరు కాల్చారని అడిగారు. బాబా లేచి నిలబడి, "నేను" అన్నాడు. ఆఫీసర్ ఆయన కళ్లలోకి చూశాడు, ఆ తెల్లటి పొర ఎవరికైనా కనిపిస్తుంది. లోపల మంచం మీద యూసుఫ్ భాయ్‌ను అడిగితే, తాను పైన ఉన్నానని, ఎవరు కాల్చారో చూడలేదని చెప్పాడు. అప్పుడు నన్ను అడిగారు. ఇద్దరూ నా కోసం అబద్ధం చెప్పారు, నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ నేను అడిగినదానికి మించి చెప్పాను. "నేను దొడ్డిలో మేకల దగ్గర ఉన్నాను. చప్పుడు విని వచ్చాను" అన్నాను. బాబా నాకు మూరెడు దూరంలో కూర్చుని ఆ మాట విన్నాడు. ఇన్నేళ్లలో నన్ను నేను సమర్థించుకోవడానికి ఎన్నో దారులు వెతికాను. తుపాకి నా చేతిలో పెట్టింది ఆయనే కదా అనుకున్నాను. నాకు చిక్కు వస్తే ఆయనకూ వచ్చేదే కదా అనుకున్నాను. ఆ వరండాలో చెప్పిన ఆ ఒక్క మాటకు మాత్రం ఏ సమర్థనా దొరకలేదు.

కళ్లు కనిపించని మనిషి దగ్గర ఆయుధం ఉండకూడదని త్రీనాట్‌త్రీ, పాయింట్ టూటూ రెండూ పట్టుకుపోయారు. కొడుకు సీబ్ నుంచి వచ్చి ఆ పెద్దాయన మీద మా అందరి ముందు కేకలేశాడు. బాబా తల వంచుకుని విన్నాడు. ఆ ఏడు ఈద్ రోజు ఊరి మగవాళ్లు మైదానంలో రెండు వరసలు కట్టి, కత్తులు, తుపాకులు ఎత్తి పాడుతుంటే, బాబా తన చేతికర్రను తుపాకిలా భుజానికి ఆనించుకుని నిలబడ్డాడు. ఆయన వయసువాళ్లలో వట్టి కర్రతో ఉన్నది ఆయన ఒక్కడే. నేను హల్వా పళ్లెం పట్టుకుని చివర్లో నిలబడి చూశాను. తల కొట్టేసినంత పనైంది.

యూసుఫ్ భాయ్ మోకాలు మళ్లీ వంగలేదు. వంగని కాలితో బండి తొక్కలేడు, అందుకని మూడు నెలల తర్వాత ఇంటికి పంపేశారు. సీబ్ ఎయిర్‌పోర్టు దాకా నేను తోడు పోయాను. దారి పొడవునా నన్ను క్షమించమని అడగాలనుకున్నాను, అడగలేదు. లోపలికి పోయే ముందు ఆయనే నవ్వుతూ, "ఇంటికాడ ఏం చెప్పాలబ్బా? నక్కను కొట్టబోతే నాకు తగిలిందంటే ఊరంతా నగుతారు. తోడేలనే చెప్తాలే" అన్నాడు. చంకలో కర్ర సర్దుకుని, సంచీ భుజాన వేసుకుని పోయాడు. ఆయన అడ్రసు నా దగ్గర ఉండేది. ఉత్తరం రాయలేదు. కడప మీదుగా తిరుపతికి రెండుసార్లు పోయాను, రైలు ఆగినప్పుడు దిగలేదు. ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు.

మొదటిసారి సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు, మంట ముందు కూర్చున్న మా నాయినకు తోడేలును కొట్టిన కథ చెప్పాను. త్రీనాట్‌త్రీతో కొట్టానని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. అక్కడున్న నలుగురినీ పిలిచి మళ్లీ చెప్పించాడు. షికారి మల్లేశం ఆ పొద్దునే పుట్టాడు. అందరూ పోయాక ఆయన నా పక్కకు జరిగి, మెల్లగా, "మరి అవుతల దిక్కు డప్పు ఎవరు గొట్టిండ్రు బిడ్డా?" అని అడిగాడు. ఆయనకు షికారు అంటే ముందు గుర్తొచ్చేది ఆ మనిషే. "ఎవ్వల్లేరు నాయినా, నేనొక్కణ్నే" అన్నాను. "మంచిది, మంచిది" అన్నాడు. ఆ మాటే నమ్మి ఆయన కన్నుమూశాడు.

ఇప్పుడు మా ఊరికి వచ్చే షూటర్ కాగితాలతో వస్తాడు, అటవీ శాఖవాళ్లు పక్కన ఉంటారు, చేను చుట్టూ ఎవరూ లేకుండా దండోరా వేస్తారు. మంచిదే. ఆ రోజుల్లో మా పనులన్నీ ఒకరి మాట మీద ఒకరికి ఉన్న నమ్మకంతో నడిచేవి. ఆ నమ్మకాన్ని పాడుచేసినవాణ్ని నేను, కాబట్టి పాత రోజులే మంచివని అనే హక్కు నాకు లేదు.

బాబా నన్ను పనిలోంచి తీసేయలేదు. కొడుకుకు కూడా చెప్పలేదు. పొద్దున్నే మొదటి కప్పు కహ్వా నాకే ఇచ్చేవాడు, నేను తల దించుకుని తాగేవాణ్ని. ఇంకో నాలుగేళ్లు ఆ తోటలోనే ఉన్నాను. ప్రతి చలికాలం మేక పిల్లలు పోతూనే ఉన్నాయి. పిల్ల పోయిన పొద్దున ఆయన కర్ర పట్టుకుని కాలువ గట్టు దాకా వచ్చి, కష్టం మీద మోకాళ్ల మీద కూర్చుని, తడి ఇసుకను అరచేత్తో తాకుతూ జాడ కోసం వెతికేవాడు. దొరికాక అందులో తన వేళ్లు ఒక్కొక్కటిగా పెట్టి చూసుకునేవాడు. నిక్షేపంలాంటి కళ్లు పెట్టుకుని నేను పక్కనే నిలబడేవాణ్ని. లేచేటప్పుడు నా చెయ్యి అందుకుని లేచేవాడు. అది నక్కో తోడేలో మాత్రం నన్ను మళ్లీ ఒక్కసారి కూడా అడగలేదు.